కణాన్ని మోసగించిన మందు

సోమవారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి నీలిరంగు మాత్రలు పంచుతున్నాను. ప్రభుత్వ బడుల్లో చదివే మీలో చాలామందికి ఆ మాత్ర తెలిసిందే. ఇనుమూ, ఫోలిక్ ఆమ్లమూ కలిపి చేసిన మాత్ర అది. రక్తహీనత రాకుండా వారానికొకటి వేసుకోవాలి. ఒక అమ్మాయి మాత్ర మింగి, నీళ్ళు తాగి, వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

"మాష్టారూ, మా నాయనమ్మ కూడా ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటుంది. ఆవిడకు కీళ్ళవాతం. దానికోసం వారానికొక్కసారి మెథోట్రెక్సేట్ అని ఇంకో మాత్ర ఇచ్చారు. అది ఫోలిక్ ఆమ్లానికి శత్రువని మందులషాపాయన చెప్పాడట. శత్రువులిద్దర్నీ ఒకే మనిషికి ఎందుకిస్తారు మాష్టారూ?"

ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత మంచి ప్రశ్న ఏడాదికొకటి వస్తే గొప్ప. గంట మోగే లోపల చెప్పగలిగే జవాబు కాదు గనుక "రేపు చెబుతా"నన్నాను. ఆ రేపటి పాఠమే ఇది. ఇందులో బొంబాయి బట్టలమిల్లులున్నాయి, నాలుగు టన్నుల పాలకూర ఉంది, సీతాకోకచిలుక రెక్కలున్నాయి, బోస్టన్ నగరంలో చనిపోతున్న పసిపిల్లలున్నారు. వీటన్నిటి నడుమ మన భీమవరంలో పుట్టిన ఒక మనిషి ఉన్నాడు.

పెద్దవై మిగిలిపోయిన కణాలు

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు మన దేశానికి వచ్చారు. బొంబాయి బట్టలమిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలకు తీవ్రమైన రక్తహీనత వస్తూ ఉండేది. చాలామంది చనిపోయేవారు కూడా. ఆ రోగుల రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఒక వింత కనబడేది. ఎర్రకణాలు తక్కువగా ఉండడం సరే, రక్తహీనత అంటేనే అది. కాని ఉన్న కణాలు మామూలు వాటికన్నా పెద్దవిగా ఉండేవి! ఇనుము చాలక వచ్చే రక్తహీనతలో కణాలు చిన్నవవుతాయి. ఇది దానికి తలకిందులు.

ఈ పెద్ద కణాల సంగతి గుర్తుపెట్టుకోండి. మన కథకు తాళంచెవి అదే.

ఆ స్త్రీల ఆహారంలో ఏదో లోటు ఉందని విల్స్ అనుమానించారు. ఎలుకల మీద, కోతుల మీద ప్రయోగాలు చేశారు. చివరకు మార్మైట్ అనే చవకరకం ఈస్టు సారం ఇస్తే రోగులు కోలుకుంటున్నారని కనుక్కుని 1931లో ప్రకటించారు. ఈస్టులో ఉన్న ఆ పదార్థమేమిటో ఆవిడకు తెలియదు. ఎవరికీ తెలియదు. పదేళ్ళు దాన్ని "విల్స్ కారకం" అనే పిలిచారు.

1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర తెచ్చి, దాన్ని ఉడికించి, వడగట్టి, శుద్ధిచేసి, చివరికి రవ్వంత పదార్థం పోగుచేశారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. అందుచేత దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మన ఇళ్ళలో తోటకూర పప్పు తిననని మారాం చేసే పిల్లలందరూ పక్కకు నెట్టేస్తున్న పదార్థం అదే!

భీమవరం నుంచి బోస్టన్‌కు

ఇప్పుడు యల్లాప్రగడ సుబ్బారావుగారి దగ్గరికి వద్దాం. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఈ మాట ఎందుకు రాశానో మీకు వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేరోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని తరగతికి వెళ్ళారు. అది అధికారులకు నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. కొన్నాళ్ళు మద్రాసులోనే ఒక ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. మన వైద్యులు దాన్ని సంగ్రహణి అనేవారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేవు, విరేచనాలు తగ్గవు, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

1922 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పొందారు. ఆ తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆ ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనుక్కున్నారు. పరీక్షించవలసిన ద్రవంలో మాలిబ్డేటు కలిపి, ఆపైన ఇంకొక రసాయనం కలిపితే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. రంగు చూసి లెక్క చెప్పెయ్యవచ్చు. 1925లో ప్రకటించిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని జీవరసాయనశాస్త్రం చదివే విద్యార్థులు తరతరాలుగా నేర్చుకుంటూ వచ్చారు. ఆ నీలిరంగు వెంటబడి పోయే కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కనుక్కున్నారు. జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా అదే సమయంలో ఎ.టి.పి.ని విడిగా కనుక్కున్నాడు. కణానికి శక్తినిచ్చే నాణెం ఎ.టి.పి. అని మీ పుస్తకంలో ఉంటుంది. అంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనాలయానికి మారారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

బోదకాలు రాకుండా మన కోస్తా జిల్లాల్లో ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన నడిపిన ఆ పరిశోధనాలయంలోంచి వచ్చిందే. అది వేరే వ్యాసానికి సరిపడే కథ గనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

పెరుగు చుట్టం చేసిన కొలత

లెడర్లీలో సుబ్బారావుగారి బృందం పెట్టుకున్న పని ఇది: ఫోలిక్ ఆమ్లాన్ని ఆకులోంచో కాలేయంలోంచో పిండడం కాదు, ప్రయోగశాలలో మామూలు రసాయనాలతో తయారుచెయ్యాలి. రోగులందరికీ చాలినంత మందు కావాలంటే అదొక్కటే దారి. రోగికొక నాలుగు టన్నుల పాలకూర ఎక్కణ్ణించి తెస్తాం?

తయారుచెయ్యాలంటే ముందు అదేమిటో తెలియాలి. అది తెలియాలంటే శుద్ధిచెయ్యాలి. సరే, కాలేయం రుబ్బి, వడగట్టి, పది సీసాల్లోకి పది భాగాలుగా విడదీశారనుకోండి. మనకు కావలసిన పదార్థం ఏ సీసాలో ఉంది? కంటికి కనబడదు. వాసన లేదు. త్రాసు మీద తూగేటంత లేదు. పోనీ, రక్తహీనత ఉన్న కోతికి పెట్టి చూద్దామంటే ఒక్కొక్క సీసాకూ వారాలు పడుతుంది.

ఇక్కడ సహాయానికి వచ్చింది ఒక సూక్ష్మజీవి. పేరు లాక్టోబాసిల్లస్ కేసీ. మన పెరుగును తోడుపెట్టే సూక్ష్మజీవులకు దగ్గర చుట్టం. దీనికి ఫోలిక్ ఆమ్లం లేకపోతే పెరుగుదల లేదు. మిగతా ఆహారమంతా కలిపి, ఫోలిక్ ఆమ్లం మాత్రం లేకుండా పరీక్షనాళికల్లో పోస్తారు. ఒక్కొక్క నాళికలో ఒక్కొక్క సీసాలోని చుక్క వేస్తారు. మర్నాడు చూస్తే కొన్ని నాళికలు తేటగానే ఉంటాయి, కొన్ని మబ్బుపట్టినట్టుంటాయి. మబ్బు అంటే సూక్ష్మజీవులు లక్షలుగా పెరిగాయని అర్థం. ఎంత మబ్బో అంత ఫోలిక్ ఆమ్లం. గ్రాములో వందకోట్లవ వంతులతో లెక్కపెట్టే స్వల్ప పరిమాణాన్ని కూడా ఆ జీవి పట్టేస్తుంది. ఏ త్రాసూ చెయ్యలేని పని అది.

ఈ కొలత చేతిలో ఉండబట్టే, ఆ పరిశోధనాలయంలోని స్టోక్‌స్టాడ్ 1943లో కాలేయం నుంచి ఆ పదార్థాన్ని శుద్ధమైన స్ఫటికాలుగా తీయగలిగాడు. పసుపుపచ్చని స్ఫటికాలు.

ఆ తరువాత రసాయనశాస్త్రజ్ఞుల వంతు. గోడ ఎలా కట్టారో తెలియాలంటే ఇటుకలు ఊడదీసి చూడడమే. స్ఫటికాలను రసాయనాలతో ముక్కలు చేస్తే మూడు ముక్కలు దొరికాయి. మొదటిది టెరిన్ అనే జాతికి చెందిన పదార్థం. గ్రీకు భాషలో టెరాన్ అంటే రెక్క. ఈ జాతి పదార్థాలు మొట్టమొదట సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో దొరికాయి గనుక ఆ పేరు వచ్చింది! రెండోది పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం. మూడోది మాంసకృత్తుల్లో ఉండే గ్లుటామిక్ ఆమ్లం. ఈ మూడింటినీ సరైన వరుసలో, సరైన చోట అతికితే ఫోలిక్ ఆమ్లం రావాలి.

1945లో అది సాధించారు. ప్రయోగశాలలో తయారైన పసుపుపచ్చని పొడిని పెరుగు చుట్టానికి తినిపిస్తే నాళిక మబ్బుపట్టింది. ఆకులోని ఆమ్లానికీ, గాజుపాత్రలో తయారైన ఆమ్లానికీ ఆ జీవికి తేడా తెలియలేదు. తేడా లేదు గనుకనే తెలియలేదు. దాని నిర్మాణాన్ని వివరిస్తూ 1946లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసం కింద పదహారుమంది పేర్లున్నాయి. ఏంజియర్ అనే ఆయనది మొదటి పేరు. సుబ్బారావుగారిది ఏడోది. ఒక్కడు చీకటి గదిలో కూర్చుని ఏదో కనిపెట్టి "యురేకా" అని అరుస్తాడని సినిమాల్లో చూపిస్తారే, అది నమ్మకండి.

తయారైన ఫోలిక్ ఆమ్లాన్ని వైద్యులు స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. కోలుకున్నారు. అన్నదమ్ములిద్దర్నీ ఆ జబ్బుకే పోగొట్టుకున్న మనిషి నడిపిన పరిశోధనాలయంలో ఆ మందు తయారయింది.

ఎదురు తిరిగిన ప్రయోగం

ఇంతవరకూ కథ సాఫీగా నడిచింది. ఇప్పుడు బోస్టన్ పిల్లల ఆసుపత్రికి రండి.

అక్కడ సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుండేవాడు. చనిపోయిన పిల్లల శరీర భాగాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, ఏ జబ్బుతో పోయారో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆయన్ని ఎక్కువగా బాధపెట్టిన జబ్బు ల్యుకీమియా, అంటే రక్తపు కాన్సరు.

రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూలుగలో ప్రతి సెకనుకూ 20 లక్షలకు పైగా ఎర్రకణాలు తయారవుతాయి. తెల్లకణాలు కూడా అక్కడే. ఘన మిల్లీమీటరు రక్తంలో తెల్లకణాలు సుమారు 4,000 నుంచి 11,000 దాకా ఉండాలి. ల్యుకీమియాలో ఇంకా పక్వానికి రాని తెల్లకణాలు అదుపు తప్పి విభజన చెందుతూ పోతాయి. మూలుగంతా అవే నిండిపోతాయి. ఎర్రకణాలు పుట్టడానికి చోటుండదు, రక్తం గడ్డకట్టించే కణాలకూ చోటుండదు. బిడ్డ పాలిపోతాడు, చిగుళ్ళలోంచి రక్తం కారుతుంది, జ్వరం వస్తుంది. అప్పట్లో జబ్బు బయటపడ్డాక పిల్లలు కొన్ని వారాలో, మహా అయితే కొన్ని నెలలో బతికేవారు.

ఈ కాన్సరు మంచిదో చెడ్డదో వైద్యుడికి తెలిపేది కణాల లెక్క. రక్తపుచుక్కను గాజుపలక మీద పలచగా పరిచి, రంగు వేసి, కణాలను ఒక్కొక్కటే లెక్కపెడతారు. లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే సూదితో మూలుగ తీసి చూస్తారు. కడుపులోనో మెదడులోనో ఉన్న గడ్డ మందుకు కరుగుతోందో లేదో ఆ రోజుల్లో తెలుసుకోవడం కష్టం. ల్యుకీమియాలో మాత్రం రోజూ లెక్క చూసుకోవచ్చు. ఫార్బర్ ఈ జబ్బుకే మందు వెతకడానికి అదొక పెద్ద కారణం.

ఫోలిక్ ఆమ్లం రక్తకణాలను సరిచేస్తుందని అందరికీ తెలిసిందే కదా, ల్యుకీమియా పిల్లలకూ మేలు చేస్తుందేమోనని ఆయనకు తోచింది. ఎలుకల గడ్డల మీద ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు పనిచేశాయని వేరే ఆసుపత్రి నుంచి వార్తలు కూడా వచ్చాయి. సుబ్బారావుగారి పరిశోధనాలయం నుంచి అటువంటి పదార్థాలు తెప్పించి కొందరు పిల్లలకిచ్చాడు. జరిగిందేమిటి? వాళ్ళ మూలుగలో చెడ్డ కణాలు తగ్గకపోగా ఇంకా జోరుగా పెరిగాయి!

ఇక్కడ కాస్త ఆగాలి. పుస్తకాల్లో ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ పిల్లలకు కీడే జరిగింది. మందిచ్చిన చెయ్యి తనదేనని ఫార్బర్‌కు తెలుసు. ఆ ఫలితాన్ని మూసిపెట్టి ఊరుకోవచ్చు. ఆయన దాన్ని రాసి, ప్రకటించి, దాన్నే తిరగేసి ఆలోచించాడు. ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఈ కణాలు పెరుగుతున్నాయంటే వీటికి ఫోలిక్ ఆమ్లం ఆకలి బాగా ఉందన్నమాట. మరి, ఆ ఆకలి తీరకుండా చేస్తే?

ఆహారంలో ఫోలిక్ ఆమ్లం తీసేస్తే చాలదు. శరీరంలో నిలవ ఉంటుంది. కణం ఎదుట ఫోలిక్ ఆమ్లంలాగే కనబడేది, తీరా తీసుకున్నాక పనికిరానిది, అలాంటి నకిలీ పదార్థం కావాలి.

అది తయారుచెయ్యగలిగినవాళ్ళు ఫోలిక్ ఆమ్లాన్ని ముక్క ముక్కగా అతికినవాళ్ళే. లెడర్లీలో అప్పటికే రకరకాల నకిలీలు తయారవుతున్నాయి. వాటిలో ఒకటి డోరిస్ సీగర్ అనే రసాయనశాస్త్రజ్ఞురాలు, ఆవిడ సహచరులు కలిసి 1947లో ప్రకటించిన అమైనోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లం అణువులో సీతాకోకచిలుక ముక్క ఉంది చూశారూ, దానికి ఒక మూల ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ ఉన్న చిన్న తోక ఉంటుంది. దాన్ని తీసేసి ఒక నత్రజని, రెండు హైడ్రోజన్లు ఉన్న తోక పెట్టారు. అంతే తేడా! కూడిక మీరే చేసి చూడండి. ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1, మొత్తం 17 పోయింది. నత్రజని 14, హైడ్రోజన్లు 2, మొత్తం 16 వచ్చింది. ఫోలిక్ ఆమ్లం అణుభారం 441. అమైనోప్టెరిన్ అణుభారం 440. ఒక్క అంకె తేడా. ఒకటి విటమిను, ఇంకొకటి విషం.

1947 చివర్లో ఫార్బర్ అమైనోప్టెరిన్‌ను పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. చాలామంది డాక్టర్లకు అది నచ్చలేదు. ఎలాగూ బతకని పిల్లల్ని సూదులతో ఎందుకు హింసిస్తారని వాళ్ళ వాదం. ఆ వాదంలో దయ లేదని నేననను. కాని ఈసారి సూక్ష్మదర్శిని కింద లెక్క మారింది. చెడ్డ కణాల సంఖ్య పడిపోయింది. మంచం మీంచి లేవలేని పిల్లలు లేచి ఆడుకున్నారు. 1948 జూన్ 3న 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. మందు ఇచ్చింది 16 మంది పిల్లలకు. గుణం కనబడింది పదిమందికి. ఆరుగురికి సరిగా పనిచెయ్యలేదు. ఆ పదిమందికి వచ్చిన గుణం కూడా తాత్కాలికమేనని ఫార్బర్ వ్యాసం పేరులోనే రాశాడు. తరువాత జబ్బు తిరగబెట్టింది. అయినా అంతవరకూ ఏ మందూ ఆ జబ్బును ఒక్క రోజు కూడా వెనక్కు తగ్గించిన దాఖలా అంత స్పష్టంగా కనబడలేదు.

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు గుండె ఆగి నిద్రలోనే మరణించారు. ఆయనకప్పుడు 53 ఏళ్ళు.

తాళంలో ఇరుక్కున్న చెవి

ఇంతకూ ఆ నకిలీ అణువు కణం లోపల చేసే పనేమిటి?

కణం రెండుగా చీలాలంటే ముందుగా తన డి.ఎన్.ఏ.కు రెండో ప్రతి తయారుచేసుకోవాలి. డి.ఎన్.ఏ. రాతలో నాలుగు అక్షరాలున్నాయని మీకు తెలుసు. వాటిలో థైమిన్ అనేది తయారుచెయ్యడానికి ఒక కార్బన్ పరమాణువును తెచ్చి అతకాలి. ఆ కార్బన్‌ను మోసుకొచ్చే కూలీ ఫోలిక్ ఆమ్లం. మేస్త్రీకి ఇటుక అందించే కూలీలాంటిదన్నమాట. ఇటుక అందించాక కూలీ అలిసిపోతాడు. అతన్ని మళ్ళీ పనికి సిద్ధం చేసే ఎంజైము ఒకటుంది. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పేరు పొడుగే గాని పని చిన్నది: రెండు హైడ్రోజన్ పరమాణువులు తగిలించి పంపిస్తుంది.

అమైనోప్టెరిన్ వెళ్ళి సరిగ్గా ఈ ఎంజైములో కూర్చుంటుంది. మా ప్రయోగశాల బీరువా తాళంలో ఒకసారి ఎవరో వేరే చెవి పెట్టి తిప్పారు. అది దూరింది గాని తిరగలేదు, బయటికీ రాలేదు. అసలు చెవి చేతిలోనే ఉంది, పెట్టడానికి చోటు లేదు. ఆ రోజు ప్రయోగం లేకుండానే తరగతి ముగిసింది. ఎంజైముకు పట్టే గతి అదే. ఈ రకం నకిలీలు అసలు ఫోలిక్ ఆమ్లం కన్నా సుమారు వెయ్యి రెట్లు గట్టిగా ఎంజైమును పట్టుకుంటాయి. ఇక కూలీలందరూ అలిసిపోయి కూర్చుంటారు, థైమిన్ తయారుకాదు, డి.ఎన్.ఏ. ప్రతి ఆగిపోతుంది, కణం చీలలేక చచ్చిపోతుంది. నకిలీ దెబ్బకొట్టేది ఈ ఎంజైమునేనని 1958లో గాని తేలలేదు. మందు పనిచెయ్యడం ముందు, ఎందుకు పనిచేస్తోందో తెలియడం పదేళ్ళ తరువాత!

బొంబాయి స్త్రీల రక్తంలో కనబడ్డ పెద్ద కణాలు గుర్తున్నాయా? వాటి కథ కూడా ఇదే. మూలుగలోని కణం పెరుగుతుంది, చీలడానికి సిద్ధమవుతుంది, కాని ఫోలిక్ ఆమ్లం లేక డి.ఎన్.ఏ. ప్రతి పూర్తికాదు. చీలవలసిన కణం చీలకుండా పెద్దదై మిగిలిపోతుంది. లూసీ విల్స్ చూసిన లోటునే ఫార్బర్ కాన్సరు కణాలలో కావాలని కల్పించాడు.

అయితే మందుకు మంచి కణం, చెడ్డ కణం అన్న వివక్ష లేదు. వేగంగా చీలే ప్రతి కణాన్నీ అది పట్టుకుంటుంది. నోటి లోపలి పొర, పేగుల పొర, వెంట్రుకల కుదుళ్ళు, ఆరోగ్యమైన మూలుగ, ఇవన్నీ వేగంగా చీలే కణాలే. కాన్సరు మందులు వాడేవారికి నోరు పూయడం, జుట్టు రాలడం అందువల్లనే. మోతాదు కాస్త ఎక్కువైతే మందే ప్రాణం తీస్తుంది.

అమైనోప్టెరిన్‌కు ఇంకొక మార్పు చేసి, ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు అదనంగా చేర్చారు. 440కి 14 కలిపితే 454. అదే మెథోట్రెక్సేట్. కొంత తక్కువ ప్రమాదకరం, తయారుచెయ్యడం తేలిక. అమైనోప్టెరిన్ చోటును క్రమంగా ఇదే ఆక్రమించింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భాశయంలోని మాయ కణాల నుంచి పుట్టే ఒకరకం కాన్సరును ఈ ఒక్క మందుతోనే నయం చెయ్యగలిగారు. శరీరంలో పాకిపోయిన గట్టి కాన్సరు మందుతో నయమవడం అదే మొదటిసారి.

పిల్లల ల్యుకీమియాకు ఒక్క మందు చాలలేదు. ఒక మందుకు తప్పించుకున్న కణాలు తిరిగి పెరుగుతాయి. 1960లలో నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఇంకొకటి విన్‌క్రిస్టిన్. అది ఎక్కడిదనుకున్నారు? మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్కలోంచి తీసినది! వైద్య సదుపాయాలు బాగా ఉన్న దేశాల్లో ఇప్పుడు ఈ రకం ల్యుకీమియా వచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ నేటికీ ఉంది.

ఇక నాయనమ్మ మాత్రల సంగతి. కీళ్ళవాతంలో శరీరపు రక్షకకణాలే దారితప్పి కీళ్ళ మీద దాడిచేస్తాయి. కాన్సరుకు ఇచ్చే దానితో పోలిస్తే చాలా తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇస్తే ఆ దాడి తగ్గుతుంది. ఇక్కడ అది పనిచేసే తీరు కూడా కొంత వేరు, కణాలను చంపడం ఉద్దేశం కాదు. కాని ఆ కాస్త మోతాదుకే నోటిపొర, మూలుగ ఇబ్బంది పడవచ్చు. వాటిని కాపాడడానికే ఫోలిక్ ఆమ్లం. అందుకనే సాధారణంగా రెండూ ఒకే రోజు వెయ్యరు. మెథోట్రెక్సేట్ ఒకరోజు, ఫోలిక్ ఆమ్లం వేరే రోజు. వారానికొక్కసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి మర్నాడు రెండు మాత్రల పట్టీలూ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండూ పసుపుపచ్చవే. సీతాకోకచిలుక రంగు కాబోలు అంది. పట్టీలు తిరిగిచ్చేస్తూ, నాయనమ్మ ఏ రోజు ఏది వేసుకుంటుందో నీకు తెలుసా అని అడిగాను. ఇంట్లో గోడకున్న క్యాలెండరులో ఆదివారాలన్నిటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టానని చెప్పింది.